కాస్త వెలుతురులోకి రండి!

మా పుట్టింట్లో నడవా గోడకి మా నాయనమ్మ పటం ఒకటి ఉండేది. ఏటా తద్దినం నాడు దాన్ని కిందికి దించి, తడిగుడ్డతో తుడిచి, దండ వేసేవాళ్ళు. చిన్నప్పుడు ఆ పటాన్ని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. నాయనమ్మ ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళు కనిపించేవి. చెయ్యి లేదు, మనిషి లేదు, వట్టి వేళ్ళు! అవి ఎవరివని అమ్మని అడిగితే నవ్వి, "మీ పెద్దత్త పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి ఆవిడ ఒక్కదాన్నీ తీసి పెద్దది చేయించారే. పక్కన నిలబడ్డ మీ చిన్నమ్మమ్మ వేళ్ళు అవి" అంది.

విషయం ఏమిటంటే, ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆవిడకంటూ ఒక ఫొటో తియ్యాలని ఎవరికీ తోచలేదు. తోచినా, ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడే వద్దనేదట. పోయిన తర్వాత ట్రంకుపెట్టెలన్నీ వెతికితే ఆ గ్రూపు ఫొటో ఒక్కటే దొరికింది. దాంట్లో ఆవిడ మొహం చిటికెనవేలి గోరంత. స్టూడియో అతను దాన్ని పెద్దది చేసి, కనుబొమలు దిద్ది, పెదవి గీసి, చీరకి అంచు కూడా వేసి ఇచ్చాడు. పాపం, అతని తప్పేం లేదు. కాని ఆ పటంలో మిగిలింది మా నాయనమ్మా, అతని పెన్సిలా అని నాకు ఇప్పటికీ సందేహమే.

ఇలాంటి పటం ఒక్కటైనా లేని ఇల్లు మీలో ఎంతమందికి ఉందో చెప్పండి చూద్దాం!

ఇప్పుడు రోజులు మారాయి కదా, ఇంటింటా సెల్‌ఫోన్లు, చేతిచేతిలో కెమెరాలు అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. నిరుడు సంక్రాంతికి మా అత్తయ్యకి ఎనభై రెండు నిండాయి. ఆవిడ ఫొటో ఒకటి పెద్దది చేయించి ఇద్దామని ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లూ తిరగేశాను. వేలకొద్దీ ఫొటోలు. మనవడు కేకు కోస్తుంటే వెనకాల అత్తయ్య చెవి, మనవరాలి ఓణీల ఫంక్షనులో అత్తయ్య సగం మొహం, తిరుపతి ప్రయాణంలో అత్తయ్య వీపు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆవిడ నిండుగా కూర్చుని మన వైపు చూస్తున్నది లేదు. రేపు ఆవిడ పటానికీ ఎవరివో నాలుగు వేళ్ళు మిగులుతాయన్నమాట!

అప్పుడు నిర్ణయించుకున్నాను, ఆ ఫొటో నేనే తియ్యాలని. తీరా తీస్తే ఏముంది? మొదటి దాంట్లో అత్తయ్య తలలోంచి క్యాలెండరు మొలిచింది. రెండో దాంట్లో నడినెత్తిన ట్యూబులైటు, కళ్ళ కింద నీడలు. మూడోది మా వారు చూసి, "అమ్మకి ఒంట్లో బాగాలేదా?" అన్నారు. ఇక లాభం లేదు, ఈ విద్య అసలు ఎవరు ఎలా నేర్చుకున్నారో తెలుసుకుంటే గాని మనకి రాదనిపించింది. అలా మొదలైంది నా చదువు.

మాది మూసారాంబాగ్. ఆ పేరులోనే ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషికీ ఫొటో లేదు. ఆయన అసలు పేరు మిషెల్ జోషిమ్ మారీ రేమండ్. ఫ్రాన్సు దేశస్థుడు, 1755లో పుట్టాడు. రెండో నిజాము అలీఖాన్ దగ్గర చేరి, వేలమంది సిపాయిలకి సేనాని అయ్యాడు. నగరంలో ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. గన్‌ఫౌండ్రీ అనే పేట పేరు దాన్నించి వచ్చిందే. "మస్యు రేమండ్" అనడానికి నోరు తిరగని మనవాళ్ళు ఆయన్ని మూసారాం చేసేశారు. ముస్లింలు మూసా రహీం అన్నారట, హిందువులు మూసా రాం అన్నారట. ఇద్దరికీ కావలసినవాడు అయ్యాడంటే ఎంత మంచివాడో చూడండి. 1798 మార్చిలో పోయాడు. అస్మాన్‌గఢ్ దాటాక, సరూర్‌నగర్ వైపు ఒక గుట్ట మీద సమాధి. సుమారు 23 అడుగుల నల్లరాతి స్తంభం, పక్కన గ్రీకు పద్ధతిలో స్తంభాల మండపం. 2001 వానల్లో ఆ మండపం కూలిపోతే తర్వాత మళ్ళీ నిలబెట్టారు.

ఫొటోగ్రఫీ అనేది ఒకటుందని లోకానికి తెలిసింది 1839లో, పారిస్‌లో. అంటే మా మూసారాం పోయిన 41 ఏళ్ళకి. అందుకని ఆయన్ని క్షమించవచ్చు. మా అత్తయ్యకి ఫొటో లేకపోవడానికి అలాంటి సాకు ఏదీ లేదు!

నా మొదటి పాఠం ఆ గుట్ట మీదే జరిగింది. మనుషులైతే విసుక్కుంటారు, రాయి విసుక్కోదు కదా అని అక్కడికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళి తీసినవి చూస్తే, నల్లరాయి అట్టముక్క అతికించినట్టు ఉంది. ఇంకో రోజు సాయంత్రం అయిదింటికి, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్ళాను. అదే రాయి, అదే ఫోను. కాని ఒక పక్క మెరుస్తూ, ఇంకో పక్క నీడలో ఉండేసరికి దానికి అంచులొచ్చాయి, ఒడ్డూ పొడుగూ వచ్చాయి. కెమెరా తీసేది వస్తువుని కాదు, వస్తువు మీద పడ్డ వెలుతుర్ని అని ఎవరో చెబితే వినడం వేరు, కళ్ళతో చూడడం వేరు. వడియాలు పెట్టే ఆడవాళ్ళకి ఎండ సంగతి ఒకరు చెప్పాలా అనుకునేదాన్ని. చెప్పాల్సే వచ్చింది.

పాతకాలం ఫొటోల్లో అందరూ ఎందుకంత బిర్రబిగుసుకుని ఉంటారో ఎప్పుడైనా ఆలోచించారా? మొదటి రోజుల్లో బొమ్మ పడడానికి నిమిషాలు పట్టేది. అంతసేపూ కదలకూడదు. తల కదలకుండా వెనకాల ఇనప ఆధారం ఒకటి పెట్టేవారు. అంతసేపు నవ్వు నిలబెట్టడం ఎవరి తరం చెప్పండి? ఇంకో తమాషా ఉంది. ఆనాటి గాజుపలకల మీద పూసే మందుకి నీలం రంగు బాగా తెలిసేది, ఎరుపు తెలిసేది కాదు. దాంతో నీలాకాశం తెల్లకాగితంలా, ఎర్రటి కుంకుమబొట్టు నల్లచుక్కలా వచ్చేవి. పాత ఫొటోలో ముత్తవ్వ కట్టుకున్నది తెల్లచీర అనుకుంటాం గాని, అది లేతనీలం అయినా కావచ్చు. ఫొటో నిజమే చెబుతుందని నమ్మే ముందు, దానికి ఏ రంగు కనపడదో కూడా తెలుసుకోవాలి మరి.

ఇక మన హైదరాబాదు ఫొటోలంటే ముందు చెప్పుకోవలసిన పేరు రాజా దీన్ దయాళ్. ఆయన ఇక్కడివాడు కాదు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో, జైనుల ఇంట పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్‌స్‌మన్‌గా చేరాడు. ప్లాన్లు గియ్యడం, లెక్కలు కట్టడం ఆయన పని. కెమెరా పట్టుకున్నది 1874 ప్రాంతంలో, ముప్ఫయ్యో ఏట. అదీ సరదాకి! ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో నేర్చుకున్నాడు. మొదట ఆయన కూడా మనలాంటి కొత్తవాడే.

ఆ రోజుల్లో నేర్చుకోవడమంటే వేలితో నొక్కడం కాదు. గాజుపలక మీద మందు పూసి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, బొమ్మ తీసి, ఆరిపోకముందే చీకటిగదిలోకి పరుగెత్తి కడగాలి. అంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. పాకం తీగ వచ్చిందో లేదో చూస్తూ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి ఆ కంగారు అర్థమవుతుంది. ఊరవతల గుడి ఫొటో తియ్యాలంటే చీకటి డేరా, మందుసీసాలు, నీళ్ళు అన్నీ మోసుకుపోవాలి. 1880 ప్రాంతంలో ముందే తయారుచేసి ఉంచుకునే పొడిపలకలు వచ్చాక గాని ఊపిరి పీల్చుకోలేదు. ఒక్కో బొమ్మకి ఇంత చాకిరీ ఉన్నప్పుడు ఊరికే తీస్తారా? ముందు చుట్టూ తిరిగి చూస్తారు. ఎండ ఎటు నుంచి వస్తోంది, ఏ మూల నిలబడితే గోపురం నిటారుగా ఉంటుంది, ఏది వదిలెయ్యాలి అని లెక్క వేసుకుంటారు. దీన్ దయాళ్ తీసిన కట్టడాల ఫొటోలు చూడండి, స్తంభాలు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. ప్లాన్లు గీసిన చెయ్యి ఊరికే పోలేదు. మనకీ అంతే. ముగ్గు వేసిన చేతికీ, వడ్డించిన విస్తరి చూసిన కంటికీ ఏది ఎక్కడ ఉండాలో కొంత ముందే తెలుసు. తెలుసునని మనకి తెలియదు, అంతే.

పెద్దల ఫొటోలు, కట్టడాల ఫొటోలు తీస్తూ పేరు తెచ్చుకున్న దీన్ దయాళ్ ఉద్యోగానికి సెలవు పెట్టి, తర్వాత ఆ ఉద్యోగమే వదిలేశాడు. 1880ల్లో ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయన్ని తన ఆస్థానంలోకి తీసుకున్నాడు. సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. 1894లో రాజా బిరుదూ, ముసవ్విర్ జంగ్ అనే బిరుదూ ఇచ్చారు. బొమ్మల యుద్ధవీరుడని చెప్పుకోవచ్చు! 1905లో పోయేదాకా నవాబుల దర్బార్లు, వేటలు, విందులు, రాజభవనాలు, కరువు పనుల్లో కూలీలు, అన్నీ తీశాడు.

అన్నీ అన్నాను గాని, ఒక సగం మిగిలిపోయింది. ఆ భవనాల్లోనే, పరదాల వెనక ఉన్న ఆడవాళ్ళు. పరాయి మగవాడి కంటపడని వాళ్ళు పరాయి మగవాడి కెమెరా ముందు ఎలా కూర్చుంటారు? దీన్ దయాళ్ దీనికో ఉపాయం చేశాడు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళకే ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల అందరూ ఆడవాళ్ళే. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనిత. గోషాబండిలో వచ్చి, లోపల దిగి, ముసుగు తీసి, మొట్టమొదటిసారి ఒక అద్దపు కన్ను ముందు కూర్చున్న ఆ బేగముల గుండెలు ఎంత కొట్టుకుని ఉంటాయో నేను ఊహించుకుంటాను. దర్బారు ఫొటోల్లో కనిపించని మొహాలు, ఒక ఆడమనిషి కెమెరా పట్టుకోవడం వల్ల కనిపించాయి. ఈ ముక్క చదివినప్పుడు నా చేతిలో ఫోను కాస్త బరువనిపించింది సుమా! ఎవరు తీస్తున్నారన్న దాన్నిబట్టి ఎవరు మిగులుతారన్నది ఉంటుంది. మా నాయనమ్మ తరంలో మా ఇంట్లో ఏ ఆడదాని చేతిలోనూ కెమెరా లేదు.

ఈ వయసులో ఇప్పుడేం నేర్చుకుంటాంలే అనుకునే వాళ్ళకి ఇంకో ఆవిడ కథ చెప్పాలి. లెవిక్ దొరసాని కంటే దాదాపు ముప్ఫయ్యేళ్ళ ముందు సంగతి. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. పెద్దయి, పిల్లల తల్లయి, ఇంగ్లండులో కాపురం ఉండగా, 1863లో కూతురూ అల్లుడూ ఆవిడకి కాలక్షేపానికని ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. అప్పటికి ఆవిడకి 48 ఏళ్ళు! బొగ్గులు వేసుకునే కొట్టుని చీకటిగది చేసింది. కోళ్ళగూటిని స్టూడియో చేసింది. పెట్టె ఎక్కడ పెట్టాలో తెలీదు, మొహం స్పష్టంగా ఎలా తేవాలో తెలీదు. మొట్టమొదట ఒక రైతుని కూర్చోబెట్టి ఫొటో తీసి, గాజుపలక మీద పొరపాటున అరచెయ్యి రాసి ఆ బొమ్మ కాస్తా తుడిచేసింది! ఈ సంగతి తర్వాత ఆవిడే రాసుకుంది. ఆవిడ ఫొటోలు మసగ్గా ఉన్నాయని తెలిసినవాళ్ళు వెక్కిరించారు. ఆవిడ మానలేదు. దగ్గరికి వెళ్ళి, ఒక పక్కనుంచి వెలుతురు పడనిచ్చి, మొహాలు తీసింది. ఇవాళ ప్రపంచంలో పెద్ద పెద్ద మ్యూజియాలు ఆ మసక మొహాలని అపురూపంగా దాచుకుంటున్నాయి.

మన దేశంలో ఆ మాటకొస్తే హోమాయ్ వ్యారావాలా ఉండనే ఉంది. 1913లో గుజరాత్‌లో, నవసారిలో పుట్టిన పార్సీ ఆవిడ. పత్రికలకి ఫొటోలు తీసిన మన తొలి మహిళగా పేరు. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోస్తూ, నాయకుల మధ్య తిరిగింది. మొదట్లో ఆవిడ తీసిన ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యేవట. 2011లో పద్మవిభూషణ్ వచ్చేనాటికి ఆవిడకి 97 ఏళ్ళు. ఆలస్యంగానైనా ఆవిడ పేరు ఆవిడకి దక్కింది.

మా ఇంట్లో మొదటి కెమెరా మా అన్నయ్యది, ఆగ్ఫా క్లిక్. పెద్ద సూత్రాలేం లేవు, ఎండైతే ఇటు, మబ్బైతే అటు తిప్పడమే. రీలుకి పన్నెండు ఫొటోలు. "ఒక్కటి తియ్యనీరా" అని నేను బతిమాలితే, "నీకెందుకే, రీలు దండగ" అనేవాడు. వాడినేం అనను, ఆ పన్నెండు వాడికీ ఎంతో పొదుపు. కాని ఆ "దండగ" అనే మాట నలభై ఏళ్ళు నా చేతిని వెనక్కి లాగిందంటే నమ్మండి. ఇప్పుడు రీలు లేదు, దండగ లేదు. అయినా నేను ఒక నియమం పెట్టుకున్నాను. రోజుకి పన్నెండే ఫొటోలు. లెక్క ఉంటే కన్ను పనిచేస్తుంది. వంద తీసి ఒకటి ఏరుకోవడం కన్నా, వందసార్లు చూసి ఒకటి తియ్యడంలో నేర్చుకునేది ఎక్కువ.

మూణ్ణెల్లలో నాకు వచ్చినవి నాలుగు ముక్కలు, చెప్పేస్తాను. ఒకటి, ట్యూబులైటు ఆర్పెయ్యండి. పాత స్టూడియోల వాళ్ళు ఉత్తరం వైపు అద్దాల కిటికీలు పెట్టించుకునేవారు, నేరుగా ఎండ పడకుండా మెత్తటి వెలుతురు వస్తుందని. మన వంటింటి గుమ్మం, వసారా అరుగు అలాంటివే. మనిషిని గుమ్మానికి కాస్త పక్కగా కూర్చోబెట్టండి. రెండు, తీసే ముందు వాళ్ళ తల వెనక ఏముందో చూడండి. క్యాలెండర్లు, ఫ్యాను రెక్కలు, తీగ మీద తువ్వాళ్ళు అప్పుడే తలలోంచి మొలుస్తాయి. మూడు, ఫోనులో పెద్దది చేసుకోకండి, మీరే రెండడుగులు ముందుకి నడవండి. కూర్చున్న వాళ్ళని తీస్తే మీరూ కూర్చోండి, కళ్ళకి కళ్ళు సమానంగా ఉండాలి. నాలుగోదే కష్టం. ఆగండి. "నవ్వండి" అంటే వచ్చేది నవ్వు కాదు, పళ్ళు. మాట్లాడుతూ ఉండండి, కెమెరా సంగతి వాళ్ళు మర్చిపోయేదాకా.

ఇంకొకటి కూడా ఉంది. తీసిన దాన్ని కాగితం మీద వేయించండి. దీన్ దయాళ్ గాజుపలకలు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వారు 1989లో సంపాదించి భద్రపరిచారు. నూరేళ్ళ నాటి గాజు అలా మిగిలింది. మా అబ్బాయి పాత ఫోను నీళ్ళబకెట్టులో పడితే మూడేళ్ళ ఫొటోలు మూడు నిమిషాల్లో పోయాయి.

సరే, అత్తయ్య ఫొటో సంగతి చెప్పలేదు కదూ. ఒక పొద్దున తొమ్మిదింటికి ఆవిడ వసారాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. వెలుతురు ఎడమ చెంప మీద పడుతోంది. నేనూ వెళ్ళి కింద చతికిలబడ్డాను. "అత్తయ్యా, మీ పెళ్ళికి ఫొటో తీశారా?" అని అడిగాను. "ఎక్కడే! ఫొటో ఆయన రైలు తప్పిపోయి, మర్నాడు అప్పగింతల వేళకి దిగాడు. అప్పటికి నేను ఏడ్చి ఏడ్చి మొహం ఇంత చేసుకున్నా. ఆ మొహంతో ఫొటో ఏమిటని మీ మావయ్యగారే వద్దన్నారు" అంటూ, చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని, నా వైపు చూసి, ఉన్నట్టుండి నవ్వింది. అరవై ఏళ్ళ నాటి నవ్వు అది. నొక్కాను. ఒక్కటే తీశాను.

వారం తర్వాత పెద్దది చేయించి తెచ్చి చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. "చిక్కుడుకాయ కూడా పడిందే!" అంది. మరి కాసేపు చూసి, "అవునే అమ్మాయ్, ఇంటిల్లిపాదినీ నువ్వే తీస్తున్నావు. మరి నిన్నెవరు తీస్తారు?" అంది.

నేను జవాబు వెతుక్కునేలోగా ఫోను లాక్కుంది. "అక్కడ కాదు, కాస్త వెలుతురులోకి రా" అని నన్ను గుమ్మం పక్కన కూర్చోబెట్టింది. ఎనభై రెండేళ్ళ చెయ్యి వణుకుతూ నొక్కింది.

చూస్తే ఆ ఫొటోలో సగం నేను. మిగతా సగం అత్తయ్య బొటనవేలు. అది మాత్రం ఎవరి వేలని ఎవరూ అడగక్కర్లేదు. దాన్నీ కాగితం మీద వేయించి, ఆవిడ ఫొటో పక్కనే పెట్టుకున్నాను.